గట్టెక్కిన నలుసులు

తాము తయారుచేసిన వస్తువుకు పేరు కోసం కంపెనీవాళ్లు మూడు నెలలు తలలు పట్టుకున్నారు. ఇంగ్లీషులో నలభై పేర్లు రాసి గోడకు అంటించారు గానీ ఒక్కటీ కుదరలేదు. చివరికి నూకరత్నం నోట ఊరికే జారిన మాటే నిలిచింది. "కంట్లో పడేదీ నలుసే, కూట్లో పడేదీ నలుసే. చేప నోట్లో పడేదానికి ఇంకో పేరెందుకు సార్?" అంది. గదిలో అందరూ నవ్వారు. కంపెనీ పెట్టిన డాక్టర్ హేమాద్రి మాత్రం నవ్వకుండా బోర్డు మీద ఆ మాట రాసి కింద గీత గీశాడు.

సాయంత్రం ఇంటికొచ్చి చెబితే తల్లి పోలమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

"సేపలకి నలుసు ఏసినారేటే మీ ఆపీసోల్లు? మరి మొగుడెవుడు?"

కడుపు రావడాన్ని నలుసు పడడమనే ఊరు అది. రత్నానికి అప్పుడు మూడో నెల. సిగ్గుపడి తల్లిని కసిరింది కానీ, తన కడుపులోదానికీ తన కంపెనీ వస్తువుకూ ఒకే పేరు కుదిరినందుకు లోపల్లోపల మురిసిపోయింది. మురిసిపోవడానికి వేళాపాళా ఉండాలని అప్పుడామెకు తెలీదు.

ఉప్పుగెడ్డపాలెం విశాఖకు ఉత్తరాన, కొండకూ సముద్రానికీ నడుమ ఇరుక్కున్న ఊరు. ఆ ఊళ్లో డిగ్రీ దాటి చదివిన మొదటి ఆడపిల్ల నూకరత్నం. తండ్రి దానయ్య ఆమె ఇంటర్లో ఉండగానే పోయాడు. తల్లి నెత్తిన గంప పెట్టుకుని వీధులు తిరిగి చేపలమ్మి చదివించింది. మొగుడు సింహాద్రి ఓడలో వంటవాడు, ఏడాదికి రెండుసార్లు మనిషి రూపంలో, మిగతా రోజులు ఫోన్లో కనిపిస్తాడు. అందుకని రత్నం తల్లి దగ్గరే ఉంటూ, పన్నెండు కిలోమీటర్ల అవతల కొండ మీదున్న 'జలజాడ' కంపెనీలో ప్రోగ్రాములు రాసే పనికి స్కూటీ మీద వెళ్లొస్తుంది.

ఆ కంపెనీ పనల్లా సముద్రంలో చేప ఎక్కడుందో చెప్పడం. ప్రతి చేప తలలోనూ రెండు తెల్లరాళ్లుంటాయి. పాలెం పిల్లలు గొరక చేపల తలలు చీల్చి ఆ రాళ్లతో గచ్చకాయలాడుకుంటారు. చేపకు అవే చెవులు. హేమాద్రి తయారుచేసిన నలుసు ఇసుక రేణువులో నూరో వంతు. మేతలో కలిపి సముద్రంలో చల్లితే నెత్తళ్లలాంటి చిన్నచేపలు తింటాయి. లోపలికెళ్లాక నలుసు రెండుగా చీలి, ఎదుగుతున్న చెవిరాళ్లను వెతుక్కుంటూ పోయి చెరో పక్కా కూర్చుంటుంది. అక్కణ్ణుంచి తన నంబరు తాను చెప్పుకుంటూనే ఉంటుంది. నెత్తల్లిని కానాగంత మింగితే నలుసు కానాగంత తలకు మారుతుంది. కానాగంతను సొర మింగితే సొర తలకు. తిన్నవాణ్ణి తిన్నవాడి దాకా జాడ తెగకపోవడమే దాని గొప్ప. ఆ గొప్ప గురించి హేమాద్రి ఆరు దేశాల్లో మాట్లాడి వచ్చాడు.

పాలెంలో తుఫాను షెల్టరు పక్కన, నలుసుల నంబర్లు వినే కంపెనీ స్తంభం నిలబెట్టిన రోజున ఊరంతా కొబ్బరికాయలు కొట్టింది. ఒప్పించింది రత్నమే. ఆనాటి నుంచి మగవాళ్లు ఫోన్లో చేపల జాడ చూపే చుక్కలు చూసుకుని వేటకెళ్లారు. ఖాళీ వలతో తిరిగొచ్చిన పడవ లేదు. "మా రత్తి సదువు ఊరికి అన్నం ఎట్టింది" అని పోలమ్మ గంప దించిన ప్రతి గుమ్మంలోనూ చెప్పేది.

చిక్కంతా ఆ చుక్కలతోనే వచ్చింది. పట్టిన చేపల్లోని నలుసులు గట్టుకొచ్చాక కూడా నోరు మూయవు. ఎండుచేపల పందిళ్లలో, మంచు పెట్టెల్లో, చెత్తకుప్పల మీద కూర్చుని నంబర్లు చెబుతూనే ఉంటాయి. ఆ సంతగోలలో సముద్రం లోపలివి వినపడవు. చచ్చిన చేపల నలుసుల్ని ఏరి ఆర్పేయాలి. ఏది చచ్చిందో ఏది బతికుందో తేల్చే సూత్రం రాయమని రత్నానికి అప్పజెప్పారు.

తక్కిన వాళ్లయితే నీటి వేడనీ, కదలికల లెక్కలనీ నెలల తరబడి గింజుకునేవాళ్లు. రత్నానికి తండ్రి మాట గుర్తొచ్చింది. తెప్ప ఒడ్డుకు లాగి, వల దులుపుతూ దానయ్య అంటుండేవాడు: "మనిసి గట్టెక్కితే బతికినట్టు. సేప గట్టెక్కితే సచ్చినట్టు." అంతే కదా! మూడు రోజులు దాటి గట్టు మీదున్న ప్రతి నలుసూ చచ్చిన చేపదే. ఒక్క వరుసలో రాసి, కింద తన పేరు పెట్టింది. ప్రతి సోమవారం ఉదయం పదకొండింటికి స్తంభం ఆ నంబర్లలో వంతుల వారీగా కొన్నింటిని తీసుకుని ఒక్కొక్కటిగా పిలుస్తుంది. తన నంబరు వినగానే నలుసు తనలో ఉన్న కాస్త శక్తినీ ఒక్కసారి వేడిగా వదిలేసి చల్లారిపోతుంది. దానికి 'ఊడ్పు' అని పేరు పెట్టారు. ఆ పేరూ రత్నమే పెట్టింది. ఆమెకు పేర్లు పెట్టడం బాగా వచ్చు.

హేమాద్రి ఆ వరుస చూసి, "రెండు పీహెచ్‌డీల పని ఒక్క సామెతతో తేల్చావమ్మా" అన్నాడు.

*

రత్నానికి కొడుకు పుట్టాడు. తాత పేరు కలిపి దానేష్ అన్నారు, పిలవడానికి దానుగాడు.

పురిటి మూడో రోజున పోలమ్మ పాలసొర తెచ్చింది. ఉడకబెట్టి, తోలు వలిచి, పొడిపొడిగా చిదిమి, వెల్లుల్లీ మిరియాలూ దట్టించి వేయించి కూతురి ముందు పెట్టింది. పాలసొర తింటే బాలింతకు పాలు పొంగుతాయి. పాలెంలో ఎవరు కన్నా పోలమ్మే ఆ సొర వండాలి, అది ఆమె చేతి గుణమని ఊరి నమ్మకం. డబ్బు ముట్టదు, ఆకూవక్కా పుచ్చుకుంటుంది. ఇదివరకు సొర దొరకడం అదృష్టం. ఇప్పుడు ఫోన్లో చుక్క చూసి తెమ్మంటే చాలు, మగవాళ్లు తెచ్చి పడేస్తున్నారు. ఆ ఏడాదిలో కన్న ప్రతి తల్లీ కడుపునిండా పాలసొర తింది.

"తినే, తిను. నువ్వు తింటే ఆడు తిన్నట్టే" అంది పోలమ్మ.

రత్నం తింది. నిజంగానే పాలు పొంగాయి.

దానుగాడికి అయిదో నెల వచ్చేసరికి ఊళ్లోని దేవుడమ్మ పసి మనవడి సంగతి బయటపడింది. ఇత్తడి బిందె గచ్చు మీద పడి దొర్లినా వాడు నిద్ర లేవలేదు. మొద్దు నిద్రని ముందు నవ్వుకున్నారు. తర్వాత పెళ్లి ఊరేగింపులో టపాకాయలు వాడి పక్కనే పేలాయి. వాడు వాటికేసి చూడనైనా చూడకుండా వేలు చీకుతూ కూర్చున్నాడు. దేవుడమ్మ అప్పుడు నవ్వలేదు. మరో నెలకు ఇంకో బిడ్డ, ఆపైన వారానికొకరు. అంతకుముందు పిలిస్తే గిర్రున తిరిగిన పిల్లలే, ఉన్నట్టుండి ఒక రోజు కెవ్వున ఏడ్చి, ఆ మర్నాటి నుంచి ఏ పిలుపుకూ తిరగలేదు. ఎనిమిది మంది అయ్యారు.

గాలి సోకిందన్నారు. నూకాలమ్మకు మొక్కు తప్పామన్నారు. విశాఖ తీసుకెళితే పెద్దాసుపత్రి డాక్టర్లు లోపలి నరం మాడిందన్నారు, ఎందుకు మాడిందో చెప్పలేకపోయారు. చివరికి కుళాయి దగ్గర ఎవరో లెక్క తీశారు: ఎనిమిది మంది తల్లులకూ సొర వండిపెట్టింది ఒకే చెయ్యి.

ఆ మాట పోలమ్మ చెవిన పడ్డ రోజున ఆమె గంప ఎత్తలేదు. "నలబయ్యేల్ల బట్టీ వండుతున్నాను రత్తీ. నీకూ ఈ సేత్తోనే ఎట్టినాను గదా" అని అరచేతులు చూసుకుంటూ కూర్చుంది.

"వాళ్ల మాటలకేటమ్మా" అంటూ రత్నం స్కూటీ తీసింది. ఆలస్యమవుతోంది.

*

ఆ రోజు గురువారం. పై వారం శుక్రవారం విదేశీ పడవల కంపెనీల ముందు పెద్ద ప్రదర్శన ఉంది. తెర మీద సముద్రం అద్దంలా కనపడాలని హేమాద్రి హుకుం. వారానికి కొన్ని చొప్పున కాదు, ఈ సోమవారం ఊడ్పులో గట్టు మీద మిగిలినవన్నీ ఒకేసారి ఆర్పేయాలి.

జాబితా సరిచూస్తున్న సాంకేతికుడు ఫణీంద్ర కుర్చీ వెనక్కి వాల్చి నవ్వాడు. "మేడమ్, మీ ఊళ్లో చచ్చిన చేపలు ఇల్లిల్లూ తిరుగుతున్నాయండీ. ఇది చూడండి, పొద్దున్న బడి దగ్గరుంది, ఇప్పుడు కుళాయి దగ్గర. పిల్లి ఎత్తుకుపోయిందంటారా?"

"పిల్లే అయ్యుంటుంది."

"మరి ఇదో? ఉన్నచోటే ఉండి అటు మూరెడు ఇటు మూరెడు ఊగుతోంది. గంట నుంచీ ఇదే వరస."

రత్నం వంగి చూసింది. తెరను పెద్దది చేసింది. స్తంభం, షెల్టరు, సిమెంటు రోడ్డు, వేపచెట్టు, దాని పక్కన పెంకుల వసారా. తన ఇల్లు. వసారాలో దూలానికి కట్టిన చీర ఉయ్యాల ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడ ఆకుపచ్చ చుక్క ఒకటి అటూ ఇటూ ఊగుతోంది.

ఫోన్ తీసి తల్లికి చేసింది.

"అమ్మా, ఏటి సేస్తన్నావు?"

"గుంటడ్ని నిద్దరోగొడతన్నాను. ఏటే?"

"ఉయ్యాల ఆపు."

"లేసీత్తాడే."

"ఆపమ్మా!"

తెర మీద చుక్క నెమ్మదించి, ఆగింది.

"ఇప్పుడు ఊపు."

చుక్క కదిలింది. అటు మూరెడు, ఇటు మూరెడు.

ఫణీంద్ర మొహంలో నవ్వు ఆరిపోయింది. రత్నం ఫోన్ పెట్టేసి, పాలెంలో ఇదివరకు ఆర్పేసిన నంబర్లన్నీ బయటికి తీసింది. ఎండుచేపల పందిళ్లూ మంచు పెట్టెలూ తీసేస్తే ఇళ్లలోనివి ఎనిమిది మిగిలాయి. మొదటిది దేవుడమ్మ ఇల్లు. ఆర్పిన తేదీ బిందె దొర్లిన వారానిదే.

ఏడాది దాటినవాళ్ల చెవిలో ఎదుగుదల ఆగిపోతుంది, నలుసుకు అక్కడ చోటు లేదు. తల్లి తిన్న సొర పాలలోకి దిగింది, పాలు బిడ్డలోకి దిగాయి. మనిషి చెవిలోనూ రాళ్లుంటాయి. ఎదిగే చెవిరాయి ఎక్కడుందా అని వెతుక్కుంటూ నలుసు వెళ్లి కూర్చుంది, అలా వెతకమనే కదా దాన్ని చేసింది. గట్టు మీదుంటే చచ్చినట్టే అని రత్నం రాసిన వరుస మిగతా పని చూసుకుంది.

సోమవారం జాబితాలో పాలెం ఇళ్లలోవి ఇంకా పదిహేనున్నాయి. ఊగే చుక్క వాటిలో పదకొండోది.

*

హేమాద్రి అడ్డు తగలకుండా అంతా విన్నాడు. కేకలేస్తాడనీ, కాదని బుకాయిస్తాడనీ అనుకుంది రత్నం. ఆయన తలుపు వేసి వచ్చి, ఆమెకు మంచినీళ్లిచ్చి, ఎదురుగా కూర్చున్నాడు.

"బాబుకి ఎన్నో నెల?"

"ఏడు సార్. సార్, ఊడ్పు ఆపేయాలి. ఇవాళే."

"ఆపెయ్. నన్నడగడం దేనికమ్మా? వరుస నీది, సంతకం నీది. ఒక్క మీట నొక్కితే పోతుంది." ఆయన గొంతు మెత్తగానే ఉంది. "నొక్కాక ఎందుకు తీశావని అడుగుతారు. నేను కాదు, అడగాల్సినవాళ్లు అడుగుతారు. ఈ పదిహేను మందినీ కాపాడడానికని చెప్తావు. అప్పుడు ఆ ఎనిమిది మంది సంగతీ నువ్వే చెప్పాలి. స్తంభం పెట్టడానికి ఊరిని ఒప్పించింది నువ్వు. చచ్చినట్టే అని రాసింది నువ్వు. నాకేం పోతుంది, ఒక కంపెనీ పోతుంది. ఇంకోటి పెట్టుకుంటాను. నీకు?"

రత్నం చేతిలోని మంచినీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఏడు నెలల పిల్లాడు. తల్లి జైల్లో, తండ్రి ఓడలో." కాగితం మీద ఏదో గీస్తూ అన్నాడు. "ప్రతి స్తంభానికీ ఒక పరీక్ష నలుసుంటుంది కదా. స్తంభం పని చేస్తోందో లేదో చూసుకోవడానికి గట్టు మీదే ఉంచుతాం, ఎప్పటికీ ఆర్పం. పాలెం స్తంభానికి ఇంకా ఏ నంబరూ ఇవ్వలేదనుకుంటా."

"ఒక్కటేనా సార్?"

"ఒక్కటే ఉంటుందమ్మా. రెండు పెడితే స్తంభం ఒప్పుకోదు. అది నేను రాసిన వరుస."

ఆయన లేచి కిటికీ దగ్గరికెళ్లాడు. అక్కణ్ణుంచి సముద్రం బాగా కనపడుతుంది.

రత్నం తన కుర్చీకి తిరిగొచ్చింది. తాను రాసిన వరుస తెర మీద తెరిచింది. మీట మీద వేలు పెట్టింది కూడా. దేవుడమ్మ మొహం కళ్లముందుకొచ్చింది, ఆ వెనక ఊరి మొహాలన్నీ వచ్చాయి. గంటసేపు అలాగే కూర్చుంది. తర్వాత ఆ వరుస మూసేసి, ఇంకో పేజీ తెరిచి, పరీక్ష నలుసు అన్నచోట పదకొండో నంబరు ఎక్కించింది. ఫణీంద్ర చూశాడు. చూసి, తల తిప్పుకుని, తన జాబితాలో పదిహేనుని పద్నాలుగు చేసుకున్నాడు. వాడికీ ఇద్దరు పిల్లలు, కానీ వాళ్లు విశాఖలో, సీతమ్మధారలో ఉంటారు, సొర తినరు.

తల్లి మనసు గొప్పదంటారు. తన బిడ్డ దాకా వస్తే గొప్పదే.

*

ఆదివారం పక్కింటి అప్పలకొండ బిడ్డను చంకనేసుకుని వచ్చింది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ. దాని కూతురు బంగారికి తొమ్మిదో నెల. 'తాతా' అంటోందని చూపించడానికి తీసుకొచ్చింది.

"అనే, అను. రత్తమ్మ పిన్నికి సెప్పు, తాతా!"

"త్తాత్తా" అంది బంగారి. తన గొంతు తనకే తమాషాగా ఉన్నట్టు మళ్లీ అంది.

రత్నం ఉండబట్టలేక, "కొండా, రేపు మీ అక్కోరింటికి ఎల్లకూడదేటి?" అనేసింది. శ్రీకాకుళం అవతల ఆ ఒడ్డున ఇంకా స్తంభం లేదు.

"రేపా? ఎందుకే?"

"ఊరికినే. గాలి మారుద్ది. ఇవాలే బయిల్దేరు. నాలుగు రోజులుండి రా."

"సాల్లే, ఆడు యేటకెల్లి రేపొత్తాడు. వొండీదెవులు?" అప్పలకొండ నవ్వి, అనుమానంగా చూసింది. "ఏటే, అలగున్నావేటి? ఏటైనా ఉంటే సెప్పు."

చెప్పడానికి అదే అదను. ఆ ఒక్కదానికైనా చెప్పొచ్చు. రత్నం నోరు తెరిచి, "ఏట్లేదే, నీ మొకం సూత్తే అలిసినట్టున్నావు, అందుకని" అంది. అప్పలకొండ ఆ మాటకు కరిగిపోయి, రత్నం చుబుకం పట్టుకుని ముద్దు పెట్టుకుని వెళ్లింది. భుజం మీంచి బంగారి 'త్తాత్తా' అంటూనే పోయింది.

సోమవారం రత్నం సెలవు పెట్టింది. పదిన్నరకే దానుగాణ్ణి ఒళ్లో వేసుకుని తలుపు మూసుకు కూర్చుంది. నంబరు ఎక్కిందని పదిసార్లు చూసుకుంది, అయినా వాడి రెండు చెవులూ అరచేతులతో మూసింది. అరచెయ్యి అడ్డుపెడితే ఆగేది కాదని ఆమె కంటే బాగా తెలిసినవాళ్లు ఊళ్లో లేరు.

పదకొండు కొట్టింది. పక్కింట్లో బంగారి కెవ్వుమంది. ఒక్కటే కేక. ఆ వెనకే వెనక వీధిలో ఇంకొకటి, చెరువు పక్కన ఒకటి, వరసగా పాలెం ఈ చివర నుంచి ఆ చివరి దాకా. పద్నాలుగు. రత్నం లెక్కపెట్టింది, లెక్కపెట్టకుండా ఉండలేకపోయింది. దానుగాడు ఆ కేకలకు ఉలిక్కిపడి తల్లి మొహంలోకి చూసి పెదవి విరిచాడు. వాడు ఉలిక్కిపడినందుకు ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషాన్ని ఆమె జీవితంలో మరిచిపోలేదు, అదే ఆమెకు పడ్డ మొదటి శిక్ష.

*

ఒకే రోజున పద్నాలుగు మంది అయ్యేసరికి ఊరు ఊరుకోలేదు. ఆడవాళ్లు పోలమ్మ ఇంటి మీదికొచ్చారు. సొర వండే మట్టిదాక బయటికి తెచ్చి సిమెంటు రోడ్డుకేసి కొట్టారు. గంపను కాలితో తన్నారు. నలభయ్యేళ్లుగా ఆకూవక్కా ఇచ్చిన చేతులే మట్టి తీసి ఆమె మొహాన కొట్టాయి. అప్పలకొండ రాలేదు. ఆమె తన గుమ్మంలో కూర్చుని బంగారి చెవిలో 'తాతా, తాతా' అని చెబుతూనే ఉంది.

అందరూ వెళ్లాక పోలమ్మ పెంకుముక్కలు ఏరుతూ అడిగింది.

"నువ్వు సదూకున్నదానివి. నిజం సెప్పు రత్తీ. అది నా సొర వొల్లేనేటి?"

"నాకు తెలీదమ్మా."

"నా సొర వొల్లే అయితే మన గుంటడికెందుకు కానేదు? ఆడికి బాగానే ఇనబడతన్నాది గదా. ఈ మాట ఆల్లకి సెప్తాను, ఎత్తుకెల్లి సూపిత్తాను."

రత్నం ఒక్క అంగలో వచ్చి తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వద్దమ్మా! ఎవలికీ సెప్పకు. ఇంతమందికి పోయి ఆడికొక్కడికే ఉందంటే ఊరి కల్లన్నీ ఆడి మీదే పడతాయి. ఆ దిష్టికి ఆడు బతుకుతాడేటి?"

పోలమ్మ ఆలోచించింది. తన పరువు ఒక పక్క, మనవడి ప్రాణం ఒక పక్క. చేపలమ్మే మనిషి, తూకం ఆమెకు కొత్త కాదు.

"నిజమేనే. ఆడు సల్లగుంటే అదే సాలు. నానేటైపోతే ఏటి" అంది. ఆ రోజు నుంచి మనవణ్ణి గుమ్మం దాటనివ్వలేదు. బయట ఎవరు ఉమ్మేసినా తలొంచుకుని తుడుచుకుంది. తాను నిర్దోషినని చెప్పే సాక్ష్యం ఇంట్లో ఉయ్యాల్లో కేరింతలు కొడుతుంటే, దానికి జోల పాడింది.

శుక్రవారం ప్రదర్శనలో సముద్రం అద్దంలా కనపడింది. చేతులు కలిపారు, చప్పట్లు కొట్టారు. రత్నాన్ని ముందు వరసలో కూర్చోబెట్టారు.

*

ఆపై బుధవారం ఊళ్లో వినికిడి పరీక్షల శిబిరం పెట్టించింది జలజాడ కంపెనీయే. తీరగ్రామాల కష్టసుఖాల్లో పాలుపంచుకోవడం తమ బాధ్యత అని బ్యానరు కట్టారు. షెల్టరులో ఏర్పాట్లన్నీ చూడమని హేమాద్రి రత్నాన్నే పంపాడు. ఊరి పిల్ల అయితే జనం నమ్ముతారని.

డాక్టరు కుర్రవాడు, మంచివాడు. మిషను తర్వాత, ముందు ఇదే చాలు అని స్టీలు పళ్లెం, గరిటె తెప్పించుకున్నాడు. తల్లి ఒళ్లో బిడ్డ, వెనక నిలబడి గరిటెతో పళ్లెం మీద ఒక్క దెబ్బ. షెల్టరు గోడలు మోగిపోతున్నాయి. బిడ్డ తిరగదు. డాక్టరు కాగితం మీద గీత పెడతాడు. మళ్లీ దెబ్బ, మళ్లీ గీత. బంగారి వంతు వచ్చినప్పుడు అప్పలకొండ కళ్లు మూసుకుంది. తెరిచేసరికి గీత పడిపోయింది.

ఇరవై రెండు గీతలయ్యాయి. రత్నం బ్యానరు కింద నిలబడి కాగితాలు సర్దుతోంది.

"ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు డాక్టరు.

"ఉన్నాడు బాబూ."

పోలమ్మ గొంతు. మనవణ్ణి ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. ఆడవాళ్లు ఆమెను చూసి పక్కకు జరిగారు. ఒకామె తూ అని ఉమ్మింది. పోలమ్మ నడిచొచ్చి కుర్చీలో కూర్చుంది. కూతురి వంక చూడలేదు.

"అమ్మా, ఆడికెందుకు ఇప్పుడు? జ్వరంగా ఉన్నాది, ఇంటికి తీసుకెల్లు" అంటూ రత్నం ముందుకొచ్చింది.

"పొద్దున కుళాయికాడ కొండ కాల్లు పట్టుకున్నానే, సెమించమని" అంది పోలమ్మ, ఎవరితోనో అన్నట్టు. "అది నన్ను లేవదీసి ఒక మాట సెప్పింది. 'ఆయాల సోమారం ఊరొగ్గేసి ఎల్లిపొమ్మని రత్తి ముందే సెప్పింది పిన్నీ, నానే ఇనుకోనేదు' అని ఏడిసింది. దానికేటి తెలుసు పాపం, నీకు సోది సెప్పడం వచ్చీసిందనుకుంటన్నాది." డాక్టరు వైపు తిరిగింది. "కొట్టు బాబూ."

డాక్టరు వెనక్కెళ్లి పళ్లెం మీద గరిటెతో కొట్టాడు.

దానుగాడు గిర్రున తల తిప్పాడు. మెరిసే పళ్లెం చూసి బోసినోటితో నవ్వాడు.

డాక్టరు మొహం వెలిగిపోయింది. అన్ని గీతల తర్వాత మొదటిసారి సున్నా చుట్టాడు. "హమ్మయ్య! ఒక్కడైనా గట్టెక్కాడు" అన్నాడు.

"ఇరవై ముగ్గురూ నా సొర పాలే తాగినారు" అంది పోలమ్మ. మాట ఎత్తలేదు, అయినా చివరి గోడ దాకా వినపడింది. "ఈడొక్కడే గట్టెక్కినాడు. ఎవులు ఎక్కించినారే రత్తీ?"

వెనక వరసలో అప్పలకొండ మెల్లగా లేచి నిలబడింది. బంగారి దాని భుజం మీద నిశ్శబ్దంగా పళ్లెం వైపు చూస్తోంది. దేవుడమ్మ లేచింది. ఒక్కొక్కరే ఇరవై రెండు మంది తల్లులూ లేచారు. ఎవరూ అరవలేదు. అందరి చూపులూ పిల్లవాడి మీదుగా తిరిగి రత్నం దగ్గరికొచ్చి ఆగాయి.

పోలమ్మ మనవణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, డాక్టరు చేతిలోంచి పళ్లెమూ గరిటే తీసుకుంది. వాడి వెనక్కెళ్లి నిలబడి, కూతురి కళ్లలోకి చూస్తూ కొట్టింది.

తిరగకురా నాన్నా, ఈ ఒక్కసారికీ తిరగకు, అని రత్నం లోపల వేడుకుంది. ఏ చెవుల కోసం ఇంత చేసిందో ఆ చెవులు ఇప్పుడే, ఇక్కడే పనిచేయకపోతే బాగుండునని మనసారా కోరుకుంది.

వాడు తిరిగాడు. అమ్మమ్మ ఏదో ఆట ఆడుతోందనుకుని పకపకా నవ్వాడు.

పోలమ్మ ఇటుపక్క కొట్టింది. ఇటు తిరిగాడు. అటుపక్క కొట్టింది. అటు తిరిగాడు.